దిగే దారి చూసుకున్నాకే కొండ ఎక్కండి

"డాక్టరు గారూ, కొండలూ గుట్టలూ ఎక్కితే గుండెకు మంచిదేనా?" అని వారానికి ఒక్కరైనా నన్ను అడుగుతూ ఉంటారు. మంచిదేనండీ అంటాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగండి, నీళ్లు తాగండి, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే కూర్చోండి అని చెప్పి పంపిస్తాను. ఎలా దిగాలి అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పేవాణ్ణి కాదు. ఎక్కినవాడు దిగలేడా అనుకునేవాణ్ణి.

అలా అనుకోవడం ఎంత పొరపాటో మూడేళ్ల క్రితం ఒక కార్తీకమాసపు ఆదివారంనాడు నాకు తెలిసివచ్చింది. ఇరవై ఏడేళ్ల సర్వీసున్న సర్కారు డాక్టరు చేసిన తెలివితక్కువ పని ఇది. పదిమందికీ చెప్పుకునేది కాదు. కానీ మీలో ఒక్కరికైనా ఉపయోగపడితే చాలని చెబుతున్నాను.

ఆరోజు మా బంధువులమంతా కలిసి వనభోజనాలకు భువనగిరి వెళ్లాం. హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్లేవాళ్లు దారిలో ఆ కోటను చూసే ఉంటారు. ఊరి పక్కనే 500 అడుగులకు పైగా ఎత్తున్న ఒకే ఒక రాతిబండ. దాని మీద పశ్చిమ చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట. ఆయన పేరు మీదే త్రిభువనగిరి, అదే నోళ్లలో నలిగి భువనగిరి అయిందంటారు. పైకి వెళ్లడానికి మెట్లదారి ఉంది. పిల్లలూ పెద్దలూ రోజూ ఎక్కి దిగుతూనే ఉంటారు.

ఆడవాళ్లు ఉసిరి చెట్టు కింద పొయ్యి రాజేశారు. వంట అయ్యేసరికి ఒంటిగంట అవుతుందన్నారు. ఈలోగా కోట చూసి వద్దామని ముగ్గురం బయలుదేరాం. నేను, మా తోడల్లుడు గారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు. మా తోడల్లుడు గారు నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నగారూ అంటాను, ఆయన నన్ను "ఏమయ్యా డాక్టరూ" అంటారు. బ్యాంకు ఉద్యోగం. పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. మాత్రలు వేళ తప్పకుండా వేసుకునే మనిషి. ఆ సంగతి ఇప్పుడు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

మెట్లదారిన నింపాదిగా, మధ్యమధ్య కూర్చుంటూ ముప్పావుగంటలో పైకి చేరాం. చల్లటి గాలి. కింద ఊరు, చెరువులు, రోడ్డు మీద చీమల్లా బస్సులు. శిథిలమైన రాజమందిరం చూశాం, బురుజుల మీద నిలబడ్డాం. అంతవరకు అంతా బాగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు నాకు దుర్బుద్ధి పుట్టింది. మా వాళ్లున్న తోట కిందనే కనబడుతోంది. మెట్లదారేమో అటు చుట్టూ తిరిగి వెళ్తుంది. "ఈ పక్కనుంచి బండ మీదుగా నేరుగా దిగితే పావుగంట పని" అన్నాను.

"అక్కడ మెట్లు లేవుగా మామయ్యా" అన్నాడు మా వాడు.

"మెట్లెందుకురా, నేల ఎంత చదునుగా ఉందో చూడు" అన్నాను.

ఒక కోడిగుడ్డును సగందాకా ఇసుకలో పాతిపెట్టారనుకోండి. దాని నెత్తిమీద నిలబడ్డ చీమకు నాలుగువైపులా నేల చదునుగానే కనబడుతుంది. నాలుగడుగులు వేస్తే కొంచెం వాలు. మరో నాలుగడుగులు వేస్తే ఇంకొంచెం. ప్రతి అడుగూ వెనకటి అడుగుకన్నా రవ్వంతే ఎక్కువ వాలు గనక ఎక్కడా ఆగాలనిపించదు. పైగా బండ గుండ్రంగా వంగి ఉంటుంది గనక కిందనున్నది కనబడనే కనబడదు. భువనగిరి బండ సరిగ్గా అలాంటిదే.

మొదట పార్కులో నడిచినట్టు నడిచాం. తరవాత పాదాలు అడ్డంగా పెట్టి నడిచాం. ఆ తరవాత చతికిలబడి, చేతులు వెనక ఆనించి జరుగుతూ వచ్చాం. బండ మీద అక్కడక్కడ రాయి అరిగి రాలిన గరుకు ఇసుక ఉంది. అది కాలి కింద జొన్నగింజల్లా దొర్లుతోంది. వానాకాలంలో నీళ్లు జారిన నల్లటి చారలు ఉన్నాయి, ఒకచోట ఇంకా తడి ఆరలేదు. నాచు. అన్నగారి చెప్పు ఒకటి ఊడి జారిపోయింది. బండ వంపు దాటి మాయమైంది. కాసేపు చప్పుడే లేదు. ఆ తరవాత ఎక్కడో లోతున పొదల్లో పడింది.

అప్పుడు నా కాళ్లు వణకడం మొదలైంది.

భయమా? చక్కెర తగ్గడమా?

ఎత్తైన చోట ఇరుక్కున్న మనిషికి ఒంట్లో అడ్రినలిన్ అనే రసాయనం ఎక్కువగా ఊరుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరెండిపోతుంది, కండరాలు అదురుతాయి. మునివేళ్ల మీద బరువు మోపి నిలబడితే పిక్కలు కుట్టుమిషను సూదిలా టకటకా ఆడతాయి. ఇదంతా భయం చేసే పని. ఒకచోట గట్టిగా కూర్చుని, మడమలు ఆనించి, నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలితే కొద్ది నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. నాకూ అలాగే తగ్గింది.

నా పక్కన అన్నగారూ వణుకుతున్నారు. ఒళ్లంతా చెమటలు. చల్లటి గాలిలో చొక్కా తడిసిపోయింది. "భయపడకండి అన్నగారూ, కాసేపు కూర్చోండి" అన్నాను. నాలాగే భయమనుకున్నాను. అయిదు నిమిషాలు గడిచాయి. నా వణుకు తగ్గింది, ఆయనది తగ్గలేదు. "నీ కబుర్లు నాకు చెప్పొద్దు, లే, అవతల క్యాషు లెక్క తేలలేదు, మేనేజరు పిలుస్తున్నాడు" అంటూ లేచి నిలబడబోయారు. ఆదివారంనాడు, బండ మీద, క్యాషు లెక్క!

ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుని కింద కూర్చోబెట్టాను. అప్పుడు, నిజంగా అప్పుడే, నాలోని డాక్టరు నిద్ర లేచాడు. ఈయన పొద్దున మాత్ర వేసుకున్నాడు. మధ్యాహ్నం గుత్తివంకాయ కూర, పులిహోర ఉన్నాయని టిఫిన్ తగ్గించి రెండే ఇడ్లీలు తిన్నాడు. గంటన్నర కొండ ఎక్కాడు, దిగుతున్నాడు. ఇది భయం కాదు. రక్తంలో చక్కెర పడిపోతోంది.

చక్కెర వ్యాధికి వాడే మందుల్లో కొన్ని క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ ఎక్కువగా వచ్చేటట్టు చేస్తాయి. గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అటువంటివి. ఇన్సులిన్ ఇంజెక్షను సంగతి చెప్పనక్కర్లేదు. ఇవి తీసుకున్నవాళ్లు తిండి తగ్గించినా, అలవాటు లేని శ్రమ చేసినా రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి పోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ బెడద చాలా అరుదు. చక్కెర తగ్గినప్పుడు కూడా ఒళ్లు అడ్రినలిన్‌నే పిలుస్తుంది గనక లక్షణాలు భయం లాగానే ఉంటాయి. అవే చెమటలు, అదే దడ, అదే వణుకు. తేడా ఏమిటంటే భయపడ్డ మనిషి మాట సరిగానే ఉంటుంది. చక్కెర తగ్గిన మనిషికి మెదడుకు ఆహారం అందదు. చిరాకు పడతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, తాగినవాడిలా తూలుతాడు. అశ్రద్ధ చేస్తే స్పృహ తప్పుతుంది, ఫిట్సు రావచ్చు. ఆ బండ మీద స్పృహ తప్పితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

నా జేబులో ఏమున్నాయి? కారు తాళాలు, ఫోను. ఫోను చేస్తే 108 వస్తుంది, కానీ కొండ కిందిదాకా వస్తుంది. వాళ్లు మమ్మల్ని చేరేదాకా ఆయన ఆగాలిగా! ఓపీలో ప్రతి చక్కెర రోగికీ "జేబులో ఏదైనా తీపి పెట్టుకో" అని చెప్పే డాక్టరు దగ్గర ఒక చాక్లెట్టు ముక్క లేదు.

"మామయ్యా, నా దగ్గర నిమ్మతొనలున్నాయి" అన్నాడు మా వాడు.

దారిలో కిరాణా కొట్లో కొనుక్కున్నాడట. ఆరు మిగిలాయి. ఒక్కొక్కటే ఆయన నోట్లో పెట్టి "నమిలి మింగండి, చప్పరించొద్దు" అని గద్దించాను. మొదటిదాన్ని ఉమ్మేశారు. మిగిలిన అయిదూ తిన్నారు. తరవాతి పావుగంట నా జీవితంలో చాలా పొడుగైన పావుగంట. ఒక చెయ్యి ఆయన చొక్కా మీద, ఒక చెయ్యి ఆయన నాడి మీద పెట్టుకుని కూర్చున్నాను. చెమట ఆరడం మొదలైంది. ఉన్నట్టుండి ఆయన చుట్టూ చూసి, "ఇదేమిటయ్యా డాక్టరూ, నా చెప్పేదీ?" అన్నారు. ఆ మాట వినగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

అప్పుడు కింద ఎక్కడినుంచో ఒక ఆడమనిషి కేక వినబడింది. పొదల్లో సీతాఫలాలు తెంపుకుంటున్న ముసలమ్మ. పడ్డ చెప్పును చూసి తలెత్తినట్టుంది.

"ఓ సారూ! కిందికి దిగకుర్రి! ఈడ తొవ్వ లేదు! ఎనకకు ఎక్కుర్రి!"

మాకు కనబడని బండ వంపు కింద ఏముందో ఆమెకు కనబడుతోంది. ఆ మాటే మమ్మల్ని కాపాడింది. అప్పటిదాకా నా బుద్ధి ఒకటే చెబుతోంది. ఇంత దూరం వచ్చాం, ఇంకాస్తే కదా, దిగిపోదాం అని. ఆ "ఇంకాస్త" లోనే మనుషులు పోతారు.

వెనక్కి తిరిగి, బండకు ముఖం పెట్టి, చేతులూ కాళ్లూ ఆనించి ఎక్కాం. పిల్లవాడు ముందు, అన్నగారు మధ్య, నేను కింద. ఆయన జారితే ఆపగలిగే శక్తి నాకు లేదని తెలుసు. వెనక్కి చూసినా ఆయనకు లోతు కనబడకుండా నేను కనబడాలని కింద ఉన్నాను. భయంతో బండను కావిలించుకుంటే పాదాలు పట్టు తప్పి జారతాయి. నడుము కొంచెం బండకు ఎడంగా ఉంచి, బరువు పాదాల మీదే మోపాలి. అది కూడా పిల్లవాడు జారకుండా ఎలా ఎక్కుతున్నాడో చూసి నేర్చుకున్నదే. పది నిమిషాల్లో దిగిన దూరం మళ్లీ ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది.

మెట్లదారిన కిందికి వచ్చేసరికి రెండున్నర అయింది. "ఎందుకింత ఆలస్యం?" అంది మా ఆవిడ. "కోట చూస్తూ ఉండిపోయాం" అన్నాను. మా మేనల్లుడు నా వంక చూసి తల దించుకున్నాడు.

ఎక్కేటప్పుడు గుండె, దిగేటప్పుడు తొడలు

మర్నాడు ఆసుపత్రిలో మెట్లు దిగడానికి కటకటాలు పట్టుకోవలసివచ్చింది. "సార్, మోకాళ్ల నొప్పులా?" అని అడిగింది నర్సమ్మ. మోకాళ్లు కావు, తొడలు.

కొండ ఎక్కేటప్పుడు శ్రమ గుండెకూ ఊపిరితిత్తులకూ ఎక్కువ. అది మనకు ఆయాసం రూపంలో తెలుస్తుంది గనక ఆగుతాం. దిగేటప్పుడు ఆయాసం ఉండదు. కానీ ఒంటి బరువు ముందుకు పడిపోకుండా తొడ కండరాలు బ్రేకులా పనిచేస్తాయి. బరువు మోస్తూనే సాగుతాయి. అలా సాగినప్పుడు కండరాల్లో సన్నటి చిరుగులు పడతాయి. ఆ నొప్పి వెంటనే రాదు, మర్నాడు, ఎల్లుండి ఎక్కువగా ఉంటుంది. నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. అయితే ఇందులో ప్రమాదం మరొకటుంది. అలసిన తొడలు దిగే దారిలో చెప్పకుండా సడలిపోతాయి. కాలు మడతపడేదీ, మనిషి జారేదీ అప్పుడే. అందుకే ఎక్కడానికి సగం ఓపిక ఖర్చయిందంటే అక్కడితో ఆగాలి. మిగతా సగం దిగడానికి.

కొండకు బయలుదేరే ముందు

మెట్లూ, నలుగురూ నడిచిన దారీ వదలకండి. కిందనుంచి పూర్తిగా కనబడని చోట దిగవద్దు. ఇదే భువనగిరి బండ మీద 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ శిక్షణ పొందారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. అయితే ఆ పిల్లల నడుముకు తాడుంది, పక్కన గురువు ఉన్నాడు. నా కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి, పక్కన నా అహంకారం ఉంది.

అడుగున గాడులున్న బూట్లు వేసుకోండి. మనిషికి కనీసం ఒక లీటరు నీళ్లు పెట్టుకోండి. ఎండ ముదరకముందే దిగి వచ్చేటట్టు బయలుదేరండి. చెమటలు ఎక్కువగా పోస్తే ఓఆర్ఎస్ తాగండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుకోవచ్చు.

ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే మీ వేగం సరైనదే. మాట తెగిపోతుంటే ఆగండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే గ్యాసని సరిపెట్టుకోవద్దు. అక్కడే కూర్చుని 108కి ఫోను చెయ్యండి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పి లేకుండా ఆయాసం, చెమట మాత్రమే ఉండవచ్చు.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు టిఫిన్ తగ్గించవద్దు. కొండ ఎక్కే రోజున మాత్ర ఎంత వేసుకోవాలో మీ డాక్టరును ముందే అడగండి, సొంతంగా మానవద్దు. జేబులో మూడు టీస్పూన్లకు తగ్గని గ్లూకోజో, పంచదారో ఉంచుకోండి. చెమట, వణుకు వస్తే భయమా, చక్కెరా అని తర్కించకుండా ముందు తీపి తినండి. భయమే అయితే ఆ కాస్త తీపితో మునిగిపోయేదేమీ లేదు. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ అంతే తినండి. తగ్గాక బిస్కెట్లో, అన్నమో తినండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు గానీ, చక్కెర గానీ వెయ్యవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చండి.

ఎవరైనా పడితే చెయ్యి పట్టి లాగి నిలబెట్టకండి. మెడ, నడుము నొప్పి అంటే కదిలించకుండా సాయం పిలవండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మడమ బెణికితే నులమకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, "ఇక్కడినుంచి వెనక్కి వెళ్దాం" అన్న మనిషి మాట వినండి. వాడు తొమ్మిదో తరగతి పిల్లవాడైనా సరే. నా రోగుల్లో చాలామంది కథా ఇదే. ఈ ఏడు రక్తపోటు కొంచెమే పెరిగింది, చక్కెర కొంచెమే పెరిగింది, కిందటిసారి కన్నా రవ్వంతే ఎక్కువ అంటూ గుడ్డు మీది చీమల్లా నడుస్తూ పోతారు. వాళ్లను నేను ఇదివరకు కసురుకునేవాణ్ణి. ఇప్పుడు కసరడం లేదు. ఆ వాలు మీద నేనూ నడిచాను.

ఇంకొక్క మాట మిగిలింది. ఆరోజు బండ మీద జరిగిన సగం సంగతులు అన్నగారికి గుర్తులేవు. చక్కెర తగ్గినప్పుడు అలాగే ఉంటుంది. ఎండదెబ్బ అనుకుని ఊరుకున్నారు. నేను రెండు వారాలు చెప్పకుండా దాచాను. ఆ తరవాత ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పాను. "ఓపీలో రోజుకు వందమందిని అడుగుతాను, మాత్ర వేసుకున్నావా, ఏం తిన్నావు అని. కొండ ఎక్కేముందు మిమ్మల్ని ఒక్కమాట అడగలేదు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేనూ చెప్పలేదుగా డాక్టరూ, మెట్లు ఎక్కేటప్పుడే నీరసంగా ఉంది, నువ్వు నవ్వుతావని ఊరుకున్నాను" అన్నారు.

ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ నిమ్మతొనల పొట్లం ఉంటుంది. మనవలు కాజేస్తారని రెండోది ప్యాంటు జేబులో పెట్టుకుంటారు.